పిచర్ చెయ్యి చల్లారకూడదు

నలభై రెండేళ్లకే రిటైరైన మనిషిని నేను. మా తాడిపత్రిలో ఈ మాట చెబితే ఏం జబ్బు చేసిందని అడుగుతారు. జబ్బేమీ లేదు. నేను చేసిన ఉద్యోగం బేస్‌బాల్ ఆడటం, అదీ సౌదీ అరేబియాలో. మా లీగు రెండు సీజన్లు నడిచి మూతపడింది. మొదటి సీజన్ మొత్తం ఆడాను. రెండోదాంట్లో చాలావరకు బెంచీ మీద కూర్చున్నాను. మా అమ్మ పెట్టే ఆవకాయ జాడీ అయినా ఇంతకంటే ఎక్కువ కాలం వస్తుంది.

ఇప్పుడు మళ్లీ ఎవరో కొత్త లీగు పెడుతున్నారని నేనింకా ఉంటున్న ఈ రాస్ తనూరాలో గట్టిగా వినిపిస్తోంది. శుక్రవారం సాయంత్రాలు మా క్యాంపు వెనక మైదానానికి వచ్చే కుర్రాళ్లు కొందరు అందులో చేరాలని చూస్తున్నారు. దస్తగిరన్నా, ఆ పని ఎట్లుంటుంది అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. కఫీలు, అంటే వీసా యజమాని, మార్పు ఎన్నాళ్లు పట్టింది, కాగితాల మీద ఎవరెవరు ముద్రలు వేశారు అనేవి రాయను. అవి ఆఫీసు గుమాస్తా నాకంటే బాగా చెబుతాడు. పని ఎలా ఉంటుందో, అందులో నేను ఎక్కడ గడ్డి తిన్నానో, అది మాత్రం చెబుతాను.

గొంతుక్కూర్చునే ఉద్యోగం

నేను క్యాచర్‌ని. క్రికెట్ తెలిసినవాళ్లకు చెప్పాలంటే వికెట్ కీపర్ లాంటివాణ్ణి, కాకపోతే వికెట్లుండవు. బ్యాటు పట్టుకున్నవాడి వెనక, మొహానికి ఇనుప ముసుగు, ఛాతీకి దిండు, మోకాళ్లకు డిప్పలు కట్టుకుని, బోరింగు దగ్గర బట్టలుతికే భంగిమలో రెండున్నర గంటలు లేస్తూ కూర్చుంటూ ఉండాలి. ఎదురుగా మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవాడు పిచర్. ఏ బంతి వెయ్యాలో నేను వేళ్లతో సైగ చేస్తాను, అతను వేస్తాడు. మైదానంలో మిగతావాళ్లందరూ నావైపు చూస్తూ నిలబడతారు. నేనొక్కణ్ణే అందరినీ చూస్తాను. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. క్యాచర్ నేను చూడలేదు అంటే ఎప్పుడూ నమ్మకండి.

ఈ ఆట నాకు మా హైస్కూల్లోనే అబ్బింది. మా పి.ఇ.టి. సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. కబడ్డీకి, వాలీబాల్‌కి పోటీ ఎక్కువ, సాఫ్ట్‌బాల్‌కి తక్కువ, కాబట్టి సర్టిఫికెట్టు తొందరగా వస్తుందని ఆయన లెక్క. పిల్లలందరినీ అందులోకి తోశాడు. నేను కాస్త లావుగా ఉండేవాణ్ణి, పరిగెత్తలేను కాబట్టి వెనక కూర్చోబెట్టాడు. సర్టిఫికెట్టు వచ్చింది. ఉద్యోగం రాలేదు. చివరికి సౌదీ వచ్చి, రిఫైనరీలో పైపుల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజాలు కట్టే పనిలో పద్నాలుగేళ్లు ఉన్నాను. శుక్రవారాలు ఫిలిప్పీన్స్ వాళ్లు క్యాంపు వెనక సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే వాళ్లతో కలిశాను. లీగువాళ్లు ఆటగాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చినప్పుడు, వాళ్లకు దొరికిన క్యాచర్లలో మోకాళ్లు ఇంకా వంగుతున్నవాణ్ణి నేనే.

మా కోచ్ పేరు రమోన్. వెనిజులా నుంచి వచ్చినవాడు. అరవై ఏళ్లుంటాయి, పొట్ట ముందు నడిస్తే ఆయన వెనక నడిచేవాడు. నేను చూసిన పైఅధికారుల్లో ఆయనంత మంచివాడు లేడు, ఆయనంత నోటి దురుసు ఉన్నవాడూ లేడు. మొదటి నెల నాకు గ్లవ్ ఇవ్వలేదు. టెన్నిస్ బంతులు తెచ్చి ఒట్టి చేత్తో పట్టమన్నాడు. బంతి చేతిలో పడ్డ చప్పుడును బట్టి విసిరినవాడి భుజం ఎలా ఉందో, మోచెయ్యి ఎలా ఉందో తెలియాలట. క్యాచర్ అంటే బంతి ఆపే గోడ కాదు, పిచర్ చేతికి కాపలావాడు అని రోజూ చెప్పేవాడు. నాకు విసుగొచ్చేది. పద్నాలుగేళ్లు ఇనుప గొట్టాలు మోసినవాడికి చప్పుళ్లు వినడం ఒక పనా అనిపించేది.

ఆయనతో నా మొదటి గొడవ అబద్ధం గురించి. బంతి గీతకు అంగుళం బయట పడితే, పట్టిన చేతిని కదిలించకుండా లోపలే పట్టినట్టు కనపడేలా చెయ్యమని నేర్పించేవాడు. అంపైరు మోసపోవాలన్నమాట. నేను కుదరదన్నాను. మాది నమాజు చేసే కుటుంబం, అబద్ధం ఆడటం నాకు చేతకాదు అని బడాయిగా చెప్పాను. రమోన్ చాలాసేపు నవ్వి, నీకు చేతనయ్యే రోజు రాకపోతే సంతోషమే అన్నాడు. ఆయన మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

సునీల్

ఇక మా పిచర్ గురించి చెప్పాలి. సునీల్‌ది పాలకొల్లు దగ్గర ఊరు. వాళ్లక్క రత్నకుమారి సౌదీలోనే, దక్షిణాన ఉన్న అభాలో ఒక ఆస్పత్రిలో నర్సు. అక్క పంపిన వీసా మీద ఏసీ మెకానిక్‌గా వచ్చాడు. ఊళ్లో ఉన్నప్పుడు అతను క్రికెట్‌లో ఫాస్ట్ బౌలరు, కానీ ఎక్కడ ఆడినా చెయ్యి వంచి విసురుతున్నాడని నోబాల్ ఇచ్చేవాళ్లట. పక్క ఊరివాళ్లు టోర్నమెంట్లకు పిలవడం మానేశారు. ఆ వంకర చెయ్యే అతనికి సౌదీలో ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఏ పనికైతే ఊళ్లో తిట్లు తిన్నాడో ఆ పనే చేయమని ఇక్కడ బతిమాలుతుంటే, మొదటి వారమంతా అతనికి నమ్మకం కలగలేదు. ప్రతి బంతి తర్వాత అంపైరు వైపు అనుమానంగా చూసేవాడు.

ఇద్దరం రాస్ తనూరాలో ఒకే గదిలో ఉన్నాం. పద్నాలుగేళ్ల తేడా ఉన్నా మాకు బాగా కుదిరింది. అతను చేపల పులుసు పెడితే నేను అన్నం వండేవాణ్ణి. నా అన్నం మెత్తనైతే మూడు రోజులు ఎగతాళి చేసేవాడు. నేను గదిలో నమాజు చేసుకుంటుంటే టీవీ కట్టేసేవాడు. నమాజు చేసేవాడి ముందు నుంచి నడవకూడదని ఎవరో చెప్పారట, అందుకని బాత్రూముకు పోవాల్సి వస్తే మంచం మీంచి దూకి వెనకగా వెళ్లేవాడు. అలా చెయ్యమని నేను ఏనాడూ అడగలేదు. ఆదివారం ఫోనులో అతను వాళ్ల పాస్టరు ప్రార్థన పెట్టుకుంటే నేను మాత్రం ఫ్యానుకు నూనె వెయ్యాలంటూ కుర్చీ లాగి చప్పుడు చేసేవాణ్ణి. నాకంటే అతనికి మర్యాద ఎక్కువ, ఒప్పుకోవాలి.

జిజాన్‌లో ఒకసారి గాలిలో తేమకు బంతి జారి, ఎదుటి జట్టులో బ్యాటు పట్టిన ఒక ఆజానుబాహువు పక్కటెముకలకు తగిలింది. ఈ ఆటలో అలాంటప్పుడు పిచర్ బెల్లంకొట్టిన రాయిలా నిలబడాలి, లేకపోతే ఎదుటివాళ్లు భయపడరు. సునీల్ దిబ్బ దిగి, టోపీ తీసి, ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్లి, "సారీ అండీ, కావాలని కాదండీ" అని తెలుగులోనే చెప్పాడు. ఆ మనిషికి భాష రాకపోయినా కోపం దిగిపోయింది. రమోన్ మాత్రం బెంచీ మీద తల పట్టుకున్నాడు. పిచర్లకు ఇంత మంచితనం పనికిరాదని నాతో అన్నాడు. పనికిరాకపోతేనేం, ఆ సీజన్లో మా జట్టు గెలిచిన మ్యాచ్‌లన్నిట్లో సునీల్ చెయ్యి ఉంది.

విరామం

బేస్‌బాల్‌కు గడియారం లేదు, నమాజుకు ఉంది. మా మ్యాచ్‌లు సాయంత్రం నాలుగింటికి మొదలయ్యేవి. మధ్యలో పొద్దు గూకి మగ్రిబ్ నమాజు వేళ అయ్యేది. అజాన్ వినపడగానే ఆ ఇన్నింగ్స్ ముగించి, ఇరవై నిమిషాలు ఆట ఆపేవాళ్లు. మైదానం పక్కన చాపలు పరిచేవాళ్లు. ఇది ఇంకే దేశపు బేస్‌బాల్‌లోనూ లేదని, ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదని రమోన్ అనేవాడు. ఎందుకంటే బాగా వేడెక్కిన పిచర్ చెయ్యి ఇరవై నిమిషాలు ఖాళీగా ఉంటే చల్లారిపోతుంది. చల్లారిన చేత్తో వెంటనే గట్టిగా విసిరితే మోచేతి లోపలి నరాలు, కండరాలు ఏవైనా తెగవచ్చు.

దానికి మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా రెండో క్యాచర్ జున్ ఫిలిప్పీన్స్ వాడు. విరామంలో అతను సునీల్ చేత నెమ్మదిగా పదిహేను బంతులు వేయించి పట్టేవాడు. నేను నమాజుకు వెళ్లి వచ్చేసరికి సునీల్ భుజం మీద పల్చగా చెమట ఉండేది. ఆ చెమట చూసుకున్నాకే నేను ముసుగు తొడుక్కునేవాణ్ణి. సగం సీజన్ దాకా ఇది బండి చక్రంలా సాగింది.

అభా మ్యాచ్‌కు జున్ రాలేకపోయాడు. కడుపు పాడై రాస్ తనూరాలోనే ఉండిపోయాడు. ఆ రోజు పొద్దున టిఫిన్ దగ్గర రమోన్ నాకు ప్రత్యేకంగా చెప్పాడు. ఇవాళ విరామంలో ముందు సునీల్ పదిహేను బంతులు, తర్వాతే నీ ప్రార్థన, సరేనా అన్నాడు. సరే అన్నాను. అందులో ఇబ్బందేమీ లేదు. మగ్రిబ్‌కు గంటకు పైగా వ్యవధి ఉంటుంది. జమాత్‌లో అందరితో కలవకపోయినా, మా వాళ్లు బ్యాటింగ్ చేసేటప్పుడు ఒక మూల ఒక్కణ్ణే చేసుకోవచ్చు. పైగా ప్రయాణంలో ఉన్నవాణ్ణి, తర్వాతి నమాజుతో కలిపి చేసుకునే వీలూ ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేశానని అనుకోకండి.

అభాలో

అభా కొండ మీద ఉంది. పొద్దు వాలగానే చలి మీద పడుతుంది. అయిదు ఇన్నింగ్స్ అయ్యేసరికి మేము ఒక్క పరుగు ముందున్నాం. సునీల్ ఆ సీజన్లో అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు. రత్నక్క డ్యూటీ మార్పించుకుని మరో ఇద్దరు నర్సులతో వచ్చి, శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది. తమ్ముడు ఆడటం ఆమె చూడటం అదే మొదలు.

ఆ రోజు ఇంకొకాయన కూడా వచ్చాడు. మా జట్టు యజమాని అబూ ఫహద్. మరుసటి సీజన్‌కు ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో ఆయన త్వరలోనే తేలుస్తాడని మా ముదీరు, అదే మేనేజరు, బస్సులో అన్నాడు. ఆయనకు దైవభక్తి ఉన్న ఆటగాళ్లంటే ఇష్టమట అని కూడా అన్నాడు. నాకు నలభై. నా జాగా కోసం ఇద్దరు కుర్ర క్యాచర్లు వచ్చి అప్పటికే ట్రయల్స్ ఇచ్చి వెళ్లారు. మళ్లీ పరంజాలు ఎక్కాలంటే నాకు ఒళ్లు జలదరించేది. ఆ మాట చెవిలో పడిన దగ్గర నుంచి నా మనసు మ్యాచ్ మీద సగమే ఉంది.

అజాన్ అయింది, ఆట ఆపారు. రమోన్ అంతకు ముందు అంపైరు ఇచ్చిన ఒక నిర్ణయం మీద పోట్లాడటానికి వాళ్ల గదికి వెళ్లిపోయాడు. నేను మోకాలి డిప్పలు విప్పుతున్నాను. అబూ ఫహద్ మెట్లు దిగి వచ్చి, చెప్పులు విడిచి, చాప మీద మొదటి వరసలో నిలబడ్డాడు. ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

అటు పక్క సునీల్ ప్రాక్టీసు దిబ్బ మీద నిలబడి ఉన్నాడు. కుడి చేత్తో బంతి పైకెత్తి నా వైపు చూస్తున్నాడు. రా అన్నా, వేద్దాం అన్నట్టు. నేను చూశాను. చూసి, మొహం తిప్పుకుని, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి కుళాయి దగ్గరికి నడిచాను.

ఆ నమాజులో ఏం చదివానో నాకు గుర్తు లేదు. నా భుజం ఆయన భుజానికి తగులుతోందన్నదే గుర్తుంది. మూడు రకాతుల అసలు నమాజు అయ్యాక ఆయన అదనంగా సున్నత్ చదివాడు, నేనూ చదివాను. ఆయన చేతులెత్తి చాలాసేపు దువా చేశాడు, నేనూ చేశాను. ఆయన లేచేదాకా లేవలేదు.

తిరిగి వచ్చేసరికి సునీల్ చేతి మీద తువ్వాలు కప్పుకుని బెంచీ మీద ఉన్నాడు. ఒక్కడే వలలోకి నాలుగు బంతులు విసురుకుని, తెచ్చుకునేవాళ్లు లేక మానేశాడని తర్వాత తెలిసింది. నన్ను చూసి నవ్వాడు. రమోన్ పరిగెత్తుకుంటూ వచ్చి, దూరం నుంచే విసిరినట్టు చెయ్యి ఆడించి చూపించి, వేశాడా అని సైగతో అడిగాడు.

నేను తల ఊపాను.

సునీల్ అది చూశాడు. దిబ్బ ఎక్కాడు. విరామం ఎక్కువైందని అంపైరు తొందరపెట్టి, వేడెక్కడానికి మూడు బంతులకే ఒప్పుకున్నాడు. రెండో బ్యాటరుకు నేను ఫాస్ట్ బాల్ అడిగాను. బంతి నా తలకు ఆరడుగుల పైన దూసుకుపోయి వెనక వలకు తగిలింది. సునీల్ మోచెయ్యి పట్టుకుని, "అన్నా, చెయ్యి" అన్నాడు.

రత్నక్క కంచె దాటుకుని లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. మోచేతి కింద వేళ్లతో నొక్కి చూస్తూ, చిటికెన వేలు తెలుస్తోందా అని అడిగింది. తెలీట్లేదక్కా అన్నాడు. ఆమె తన శాలువా తీసి ఆ చేతికి కట్టుగా కట్టింది. మేము ఆ మ్యాచ్ ఓడిపోయాం.

దాచిన గాయం

మోచేతి లోపలి లిగమెంటు తెగిందని, ఆపరేషన్ చెయ్యాలని, ఏడాది దాకా బంతి ముట్టకూడదని డాక్టరు చెప్పాడు. అంతటితో అయిపోతే దెబ్బ అనుకునేవాళ్లం. కానీ రమోన్ మనసులో ఒక లెక్క ఉంది. పదిహేను బంతులు వేసి వేడెక్కిన చెయ్యి అలా తెగదు. తెగిందంటే అందులో పాత గాయం ఉండి ఉండాలి, కుర్రాడు ఉద్యోగం పోతుందని దాచి ఉండాలి. ఆయన తప్పు లేదు, నా తల ఊపు నమ్మాడు. అందరి ముందూ సునీల్‌ను నిలబెట్టి తిట్టాడు. గాయం దాచి ఆడాడని లీగుకు రాసి పంపాడు. అలా రాసిన పిచర్‌ను మా జట్టే కాదు, మిగతా మూడు జట్లూ ముట్టుకోవు.

సునీల్ తల వంచుకుని విన్నాడు. నా వైపు చూడలేదు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. రేపు చెబుదాం, మ్యాచ్ అయ్యాక చెబుదాం, సీజన్ అయ్యాక చెబుదాం అని వాయిదాలు వేసుకున్నాను. అతను అక్క దగ్గర ఉండి ఆపరేషన్ చేయించుకోవడానికి అభా వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు, నీకు పులుసు పెట్టేవాడు ఉండడు అన్నా, మెస్సులో తిను అని చెప్పి వెళ్లాడు. గది గడియ వేసి మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు వల్ల ఎవరి పేరూ బాగుపడదు, ఆ సంగతీ అప్పుడు తెలుసు.

సీజన్ చివర అబూ ఫహద్ నన్ను ఆఫీసుకు పిలిచాడు. కొత్త కాంట్రాక్టు నా చేతిలో పెట్టాడు. పని చోట నేర్చుకున్న అరబీలో కృతజ్ఞతలు చెప్పి, అభాలో మీ పక్కనే నమాజు చేసే భాగ్యం కలిగింది అని కూడా అన్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి ఆశ్చర్యంగా చూశాడు. నువ్వా? అని అడిగాడు. నమాజులో పక్కన ఎవరున్నారో చూస్తామా అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నన్ను ఉంచమని రమోన్ రాశాడట, అందుకే ఉంచాడట.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మండిపోతోంది. ఎవరి కంట్లో పడాలని ఒక మనిషి చెయ్యి పోగొట్టానో ఆ మనిషి నన్ను చూడనే లేదు. నా మీద నాకు అంత అసహ్యం ముందెప్పుడూ వెయ్యలేదు.

అక్కడి నుంచి నేరుగా రమోన్ దగ్గరికి వెళ్లాను. ఆయన బ్యాట్లు సంచుల్లో సర్దుతున్నాడు. ఉన్నదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ సర్దడం ఆపలేదు. చివరికి సంచి జిప్పు లాగి, ఆ రోజే చెప్పి ఉంటే వాడి పేరు మీద ఆ మాట రాసేవాణ్ణి కాదు కదా అన్నాడు. లీగుకు కొత్త ఉత్తరం తాను రాస్తానన్నాడు. వచ్చే సీజన్లో నేను చెప్పేదాకా నువ్వు బెంచీయే అన్నాడు. న్యాయమే. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచి, ఉత్తరం నా పని, వాడికి చెప్పడం మాత్రం నీ పని అన్నాడు.

కొత్తగా చేరేవాళ్లకు నేను ఇవ్వగల సలహా ఇంతే. మోకాళ్లకు నూనె రాసుకోండి, వేళ్లు జాగ్రత్త, నీళ్లు బాగా తాగండి. పైవాడి కళ్లలో పడాలని మాత్రం పక్కవాణ్ణి వదిలేయకండి. పొరపాటున వదిలేస్తే ఆ గంటలోనే ఒప్పుకోండి. నాలాగా నాలుగు నెలలు మురగపెట్టకండి.

చెప్పడం

ఉత్తరం నకలు జేబులో పెట్టుకుని అభా వెళ్లాను. రత్నక్క క్వార్టరు ఆస్పత్రి వెనక ఉంది. సునీల్‌కు దేశం వదిలి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర అయిపోయింది, మర్నాడే విమానం. సంచులు గుమ్మం దగ్గర ఉన్నాయి. చెయ్యి బాగా సన్నబడింది. నన్ను చూసి లేచి, ఎడమ చేత్తోనే కౌగిలించుకున్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే ఇక చెప్పలేనని తెలుసు.

"సునీలూ, ఆ పొద్దు నువ్వు బాలు ఎత్తి పట్టుకోని నిలబడింటివి. నేను చూసినా. చూసి గూడా మొగం తిప్పుకోని పోతి. ఓనరు పక్కన నిలబడాలని పోతినప్పా, నమాజు కోసరం కాదు. కోచ్ అడిగితే తల ఊపితి. తప్పంతా నాది."

అతను కుట్లు పడిన చోట బొటనవేలితో రాసుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు చూశావని నాకు తెలుసన్నా" అన్నాడు. "నువ్వు దేవుడి పని మీద ఎల్తన్నావనుకున్నాను. అందుకే పిలవలేదు. ఓనర్ గారి పని మీదని తెలిస్తే కేకేసేవోణ్ణి."

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. అతను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. వంటగదిలోంచి రత్నక్క వచ్చింది. అన్నీ విన్నట్టుంది. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, నిలబడే రెండుసార్లు చదివింది.

"ఈ ముక్క చెప్పడానికి నాలుగు నెలలు పట్టిందా నీకు?" అంది. "నా తమ్ముడు దొంగాటగాడని ఆస్పత్రిలో అందరూ అనుకుంటంటే నేను తలెత్తుకోలేకపోయాను. ఆడు నాకు కూడా చెప్పలేదు."

ఆమె ఉత్తరం మడిచి తమ్ముడి పాస్‌పోర్టులో పెట్టింది. చాలాసేపటికి టీ తెచ్చింది. నా కప్పు కాస్త గట్టిగానే కింద పెట్టింది, కానీ చక్కెర నాకు ఎంత కావాలో అంతే వేసింది.

సాయంత్రం సునీల్ సంచిలోంచి ఒక బంతి తీశాడు. పద, ఓ పది బంతులు పట్టు, రేపటి నుంచి నీకెవరూ వెయ్యరు అన్నాడు. కుడి చేత్తో విసరకూడదు కాబట్టి ఎడమ చేత్తో వేస్తానన్నాడు. క్వార్టర్ల ముందు కార్లు ఆపే ఖాళీ స్థలంలో నిలబడ్డాం. నేను గ్లవ్ లేకుండానే గొంతుక్కూర్చున్నాను. మొదటి బంతి చెత్తకుండీలో పడింది. రెండోది ఒక అంబులెన్సు టైరుకు తగిలి కారు కిందికి పోయింది. బోర్లా పడుకుని తీశాను. ఊళ్లో అంపైర్లు చెప్పింది ఎడమ చేతి గురించేమోరా అన్నాను. సునీల్ పడీ పడీ నవ్వాడు. వరండాలో నిలబడి చూస్తున్న రత్నక్క కూడా, నవ్వకూడదని పట్టుకుని, చివరికి నవ్వేసింది.

నాలుగో బంతికో అయిదో బంతికో ఆస్పత్రి మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. సునీల్ ఎత్తిన చెయ్యి దించేశాడు. బంతి చంకలో పెట్టుకుని, ఎల్లన్నా, ఎల్లిరా అన్నాడు. గేటు దగ్గర జనం మసీదు వైపు నడుస్తున్నారు. నేను లేవలేదు.

"ఇంకా టైముండాదిలేప్పా" అన్నాను. "ఎయ్యి."

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వేశాడు. అది గోడకు తగిలింది. తెచ్చి ఇచ్చాను. మళ్లీ వేశాడు. మసకలో బంతి కనపడకుండా పోయేదాకా వేస్తూనే ఉన్నాడు, నేను పట్టుకుంటూనో ఏరుకుంటూనో ఉన్నాను. ఆ తర్వాతే లోపలికి వెళ్లి, రత్నక్క పరిచిన దుప్పటి మీద నమాజు చేసుకున్నాను. పక్కన ఎవరూ లేరు.